ఉన్మాదపు మందు చరిత్రలో రోగి వాఙ్మూలం

పోయిన వేసవిలో కొందరు విద్యార్థి మిత్రులు నడుపుతున్న అధ్యయన గోష్ఠికి వెళ్ళాను. ఆ సాయంత్రం చర్చ సైన్సూ సమాజమూ అనే విషయం మీద. మాటల్లో మాటగా పిచ్చికి వాడే మందుల ప్రస్తావన వచ్చింది. ఎం. ఏ. చదువుతున్న ఒక కుర్రవాడు లేచి, అవి మందులే కావనీ, ఎదురు తిరిగే మనిషిని నోరెత్తకుండా చెయ్యటానికి పాలకవర్గం కనిపెట్టిన రసాయన సంకెళ్ళనీ గట్టిగా వాదించాడు. వైద్య కళాశాలలో చదువుతున్న ఒక అమ్మాయి అంతకన్నా గట్టిగా ఖండించింది. ఆమె లెక్క ప్రకారం మెదడులో ఒక రసాయనం ఎక్కువ కావటమే ఉన్మాదం. దాన్ని అణచటమే మందు పని. ఇందులో వర్గాలకూ రాజకీయాలకూ చోటు లేదు. నన్ను తీర్పు చెప్పమన్నారు. నేను చెప్పలేదు. పది మాటల్లో తేలే సంగతి కాదు గనక చెప్పలేదు. ఇద్దరూ మందు గురించి మాట్లాడారు గాని, ఆ మందు మింగిన మనిషి ఏమన్నాడో ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

ఆనాటి బాకీ తీర్చుకోవటానికే ఈ వ్యాసం. నేను వైద్యుణ్ణి కాను, కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయినవాణ్ణి. అయితే ఈ మందులతో ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన మనిషిని ఒకరిని దగ్గరనుంచి చూశాను. ఆయన సంగతి ముందు ముందు వస్తుంది. మొదట మందు పుట్టుక చూద్దాం.

ఇది ఆసుపత్రిలో పుట్టిన మందు కాదు. దీని పుట్టిల్లు రంగుల పరిశ్రమ. 1876లో జర్మనీలో బి.ఏ.ఎస్.ఎఫ్. కంపెనీలో పనిచేస్తున్న హైన్రిక్ కారో మెథిలీన్ బ్లూ అనే నీలిరంగును తయారుచేశాడు, బట్టలకు అద్దటానికి. (ఇదే కంపెనీ 1897లో కృత్రిమమైన నీలిమందును బజారులో పెట్టి మన దేశంలో నీలిమందు సాగును కూల్చివేసింది.) ఆ నీలిరంగు నిర్మాణం ఏమిటో తేల్చే ప్రయత్నంలో ఆగస్ట్ బెర్న్‌త్సెన్ అనే రసాయనిక శాస్త్రజ్ఞుడు 1883లో ఫినోథయజీన్ అనే పదార్థాన్ని తయారుచేశాడు. చాలాకాలం దాని అవసరం ఎవరికీ రాలేదు. తర్వాత పశువుల కడుపులో పురుగులు పోవటానికి వాడారు. 1940 తర్వాత ఫ్రాన్సులో రోన్-పులాంక్ కంపెనీ రసాయనికులు దాన్ని అటూ ఇటూ మార్చి తుమ్ములకూ దద్దుర్లకూ మందులు చేశారు. ఆ మందులు మింగినవాళ్ళకు మత్తు వచ్చేది. కంపెనీ దృష్టిలో ఆ మత్తు ఒక దుష్ఫలితం.

ఆ దుష్ఫలితాన్నే కావాలన్నవాడు ఆంరీ లాబొరీ. ఆయన ఫ్రెంచి నౌకాదళంలో శస్త్రవైద్యుడు. కోత వేసిన తర్వాత షాక్ వచ్చి రోగులు చనిపోతుంటే దాన్ని ఆపే మార్గం వెతుకుతున్నాడు. ఈ జాతి మందులు ఇచ్చిన రోగులు నిద్రపోకుండానే నిశ్చింతగా ఉండటం ఆయన గమనించాడు. అలాంటిదే ఇంకా బలమైనది కావాలని అడిగాడు. 1950 డిసెంబరులో పోల్ షార్పాంతియే తయారుచేసిన కొత్త పదార్థానికి కంపెనీ పెట్టిన గుర్తు 4560. అదే క్లోర్‌ప్రోమజైన్. పారిస్‌లోని వాల్ ద గ్రాస్ సైనిక ఆసుపత్రిలో 1952 జనవరి 19న ఒక ఉన్మాద రోగికి దాన్ని మొదటిసారి ఇచ్చారు. అదే సంవత్సరం సేంట్ ఆన్ మానసిక వైద్యశాలలో జాన్ డెలే, పియేర్ డెనికర్ మరో మందు కలపకుండా కేవలం దీన్నే ఇచ్చి ఫలితాలు ప్రకటించారు.

ఈ ఫలితాలను జాగ్రత్తగా చదవాలి. రోగి మెలకువగానే ఉంటాడు; అడిగితే కొంచెం ఆలస్యంగానైనా సరిగానే జవాబు చెబుతాడు; తనంతట తాను ప్రశ్న వెయ్యడు, కోరిక చెప్పడు; చుట్టూ జరిగేదాని మీద పట్టింపు తగ్గుతుంది. వారి వర్ణన సారాంశం ఇది. ఇందులో జబ్బు తగ్గటం ఎంత, మనిషి తగ్గటం ఎంత? 1955లో వారు ఈ జాతి మందులకు పెట్టిన న్యూరోలెప్టిక్ అనే పేరుకు నాడులను పట్టుకునేది అని అర్థం. పేరులో ఎక్కడా నయం చెయ్యటం లేదు. ఆ రోజుల్లో కొందరు వైద్యులు దీన్ని లోబాటమీకి బదులుగా వచ్చిన రసాయనం అని మెచ్చుకున్నారు కూడా. అవును, మెచ్చుకోలుగానే. లోబాటమీ అంటే మెదడు ముందుభాగపు నరాలు కోసివెయ్యటం. దానికి 1949లో నోబెల్ బహుమానం ఇచ్చారు. ఇన్సులిన్ సూదులతో రోజూ స్పృహ తప్పించటం, మత్తు ఇవ్వకుండానే విద్యుత్ షాకులు కొట్టటం అప్పటికి చికిత్సలు. వాటి పక్కన ఒక మాత్ర దయగల వస్తువుగా కనిపించటంలో ఆశ్చర్యమేముంది?

1954లో ఈ మందు థోరజైన్ అనే పేరుతో అమెరికాలో ప్రవేశించింది. దాన్ని అమ్మిన స్మిత్ క్లైన్ అండ్ ఫ్రెంచ్ కంపెనీ వైద్యులతో పాటు రాష్ట్ర శాసనసభ్యుల దగ్గరకు కూడా తన మనుషులను పంపింది, ఆసుపత్రుల బడ్జెట్లలో మందుకు డబ్బు కేటాయించమని. 1955లో అమెరికా ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో సుమారు 5,59,000 మంది రోగులు ఉండేవారు. తర్వాతి ఇరవై ఏళ్ళలో ఆ సంఖ్య 2 లక్షల లోపుకు పడిపోయింది. గొలుసులు తెంచిన ఘనత అంతా మందుకే కట్టబెట్టటం ఇప్పటికీ ఆనవాయితీ. నిజమేమిటంటే, 1965లో వచ్చిన వైద్య సహాయ చట్టాల తర్వాత రోగిని ఆసుపత్రిలో ఉంచితే ఖర్చు రాష్ట్రానిది, బయటికి పంపితే చాలా భాగం కేంద్రానిది. ఆసుపత్రులు ఖాళీ కావటానికి మాత్ర ఎంత కారణమో ఈ జమాఖర్చు కూడా అంత కారణం. బయటికి వచ్చినవారిలో ఎందరో వీధుల్లోకీ జైళ్ళలోకీ చేరారు.

ఇదే కాలంలో మన దేశపు వేరు ఒకటి ఈ కథలోకి వస్తుంది. సర్పగంధిని మన వైద్యులు ఎన్నో తరాలుగా ఎరుగుదురు. తెలుగులో పాతాళగంధి అని కూడా అంటారు. బీహారులోనూ బెంగాలులోనూ దానికి వాడుక పేరే పిచ్చి మందు. 1931లో కలకత్తా వైద్యులు గణనాథ సేన్, కార్తిక చంద్ర బోస్ అది ఉన్మాదానికీ రక్తపు పోటుకూ పనిచేస్తున్నదని వైద్య పత్రికలో రాశారు. లోకం పట్టించుకోలేదు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ రక్తపు పోటు మీద దాని ప్రభావాన్ని ఇంగ్లండు పత్రికలో ప్రకటించాక గాని పడమటి దేశాల చూపు ఇటు తిరగలేదు. 1952లో స్విట్జర్లాండులోని సీబా కంపెనీ ఆ వేరు నుంచి రెసెర్పిన్‌ను వేరుచేసింది. 1954లో న్యూయార్కులో నేథన్ క్లైన్ దాన్ని ఉన్మాద రోగులకు వాడి ఫలితాలు ప్రకటించాడు. ఇంతవరకూ చెప్పి, అన్నీ మనవాళ్ళకు ముందే తెలుసునని చంకలు గుద్దుకునేవారు మనలో ఉన్నారు. వారితో నాకు పేచీ ఉంది. రెసెర్పిన్ రక్తపు పోటును మరీ పడగొట్టింది, కొందరిని దిగులులో ముంచింది, చేతులు వణికించింది. కొద్ది ఏళ్ళలోనే ఉన్మాదానికి దాని వాడకం తగ్గిపోయింది. మన వేరు చేసిన గొప్ప ఉపకారం వేరే ఉంది. దానికి తర్వాత వస్తాను.

ఇక మా చిన్నాన్న సంగతి.

ఆయన మా వూళ్ళో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు. 1968లో, ఆయనకు ఇరవై ఏడో ఏట, పంచాయతీ రేడియోలో తన పేరు చెప్పి తిడుతున్నారని మొదలుపెట్టాడు. రేడియో కట్టేసిన తర్వాత కూడా ఆ గొంతులు ఆగలేదు. అన్నంలో విషం కలిపారని తినటం మానేశాడు. వేపమండలతో కొట్టించారు, తాయెత్తులు కట్టించారు. చివరకు గొడ్ల సావిడిలో పలుపుతాడుతో గుంజకు కట్టేశారు. నాకప్పుడు పదేళ్ళు. అన్నం కంచం కాలితో ముందుకు నెట్టి పరుగెత్తుకొచ్చేవాణ్ణి. మూడు నెలలు ఆయన ఆ గుంజకే ఉన్నాడు. సంకెళ్ళ గురించి ఉపన్యసించే మిత్రులకు ఇది చెప్పటం అవసరం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో నిప్పంటుకున్నప్పుడు, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది రోగులు పారిపోలేక కాలిపోయారు. అవి రసాయన సంకెళ్ళు కావు, ఇనుపవి.

చివరకు మా నాన్న ఎవరి మాటో విని పట్నం ఆసుపత్రికి తీసుకువెళ్ళాడు. లార్గాక్టిల్ మాత్రలు ఇచ్చారు. అదే క్లోర్‌ప్రోమజైన్. మూడు వారాల తర్వాత చిన్నాన్న స్నానానికి నీళ్ళు అడిగాడు, మంగలిని పిలిపించి గడ్డం చేయించుకున్నాడు. ఆరు నెలలకు బడికి వెళ్ళాడు. గొంతులు పోయాయా అని మా నాయనమ్మ అడిగితే, "ఉన్నాయమ్మా, గాని పక్కింటివాళ్ళ మాటల్లాగా ఉన్నాయి. నాకు సంబంధం లేదు" అన్నాడు. వేపమండలు చెయ్యలేనిది మాత్ర చేసింది. దీన్ని కాదనేవారితో నేను వాదించను.

బళ్ళో మాత్రం ఒక వింత జరిగింది. చిన్నాన్న నల్లబల్ల మీద అక్షరం రాస్తే గుండ్రంగా, చివరి బెంచీకి కూడా కనిపించేటట్టు ఉండేది. ఇప్పుడు పంక్తి మొదట్లో రూపాయంత ఉన్న అక్షరం చివరికి వచ్చేసరికి చీమంత అయ్యేది. "కనపట్టం లేదు మేష్టారూ" అని పిల్లలు అరిచేవారు. చెరిపి మళ్ళీ రాసేవాడు, మళ్ళీ చీమలే. నడిచేటప్పుడు చేతులు ఊగేవి కావు. ముఖంలో నవ్వూ కోపమూ కనిపించేవి కావు. మా నాన్న ఈ మాట డాక్టరుగారితో చెబితే, ఆయన సంతోషంగా, "అయితే మందు పట్టిందన్నమాట" అన్నాడట.

ఆ మాట ఆ ఒక్క డాక్టరుది కాదని నాకు తెలియటానికి చాలా ఏళ్ళు పట్టింది. ఈ మందులు పార్కిన్సన్ జబ్బు లక్షణాలను తెస్తున్నాయని 1954లోనే స్విట్జర్లాండులో స్టెక్ అనే వైద్యుడు చెప్పాడు. అయితే ఎంతోమంది వైద్యులు దాన్ని హాని అనుకోలేదు, గుర్తు అనుకున్నారు. వణుకు రానిదే మందు పనిచెయ్యదన్నారు. జర్మనీలో హాన్స్ యోఆఖిం హాసే దీన్ని ఒక సిద్ధాంతంగా మలిచాడు. ఆయన రోగుల చేత కాగితం మీద రాయించేవాడు. మందు పెంచుతూ పోతే ఏ మోతాదు దగ్గర చేతిరాత కుంచించుకుపోవటం మొదలవుతుందో, అదే సరైన మోతాదుకు హద్దు. మా చిన్నాన్న నల్లబల్ల మీద రాసినవి ఆ పరీక్ష కాగితాలే! హాసేకు న్యాయం చెయ్యాలి: ఆ హద్దు దాటి మందు పెంచటం వృథా అనే ఆయన చెప్పాడు. లోకం ఆయన సిద్ధాంతంలో సగాన్నే తీసుకుంది. వణుకు ఉండాలన్న మాట నిలిచింది, అంతకు మించవద్దన్న మాట గాలికి పోయింది. 1970, 80లలో హాలోపెరిడాల్ వంటి మందులు విపరీతమైన మోతాదుల్లో ఇచ్చిన ఆసుపత్రులు ఎన్నో దేశాల్లో ఉన్నాయి.

అసలు వణుకుకూ గొంతులు తగ్గటానికీ సంబంధమేమిటి? ఇక్కడే సర్పగంధి ఉపకారం వస్తుంది. స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ 1957లో కుందేళ్ళకు రెసెర్పిన్ ఇచ్చాడు. అవి చెవులు వేలాడేసి కదలకుండా కూర్చున్నాయి. అప్పుడు వాటికి ఎల్-డోపా అనే పదార్థాన్ని ఎక్కించాడు. అది శరీరంలో డోపమిన్‌గా మారుతుంది. కొద్ది నిమిషాల్లో కుందేళ్ళు లేచి గెంతాయి. మెదడులో డోపమిన్‌కు సొంతంగా ఒక పని ఉన్నదని తేలింది. 1960లో వియన్నాలో హోర్నికెవిచ్, పార్కిన్సన్ జబ్బుతో చనిపోయినవారి మెదడులో డోపమిన్ లోపించి ఉన్నదని చూపాడు. 1963లో కార్ల్‌సన్ క్లోర్‌ప్రోమజైన్, హాలోపెరిడాల్‌లు డోపమిన్‌ను తగ్గించటం లేదనీ, అది చేరవలసిన చోటును మూసివేస్తున్నాయనీ ఊహించాడు. ఆయనకు నోబెల్ బహుమానం 2000లో వచ్చింది.

పని జరిగే తీరు ఇది. ఒక నాడీకణం డోపమిన్‌ను విడుస్తుంది. అది సన్నని సందు దాటి పక్క కణం మీదున్న గ్రాహకాన్ని చేరుతుంది. తాళంలో చెవి తిరిగినట్టు అక్కడ తిరిగితే కబురు అందుతుంది. మందు కూడా ఆ తాళంలో దూరుతుంది గాని తిరగదు. దారి మూసి కూర్చుంటుంది. 1975లో కెనడాలో ఫిలిప్ సీమన్ ఈ తాళాన్ని పట్టుకున్నాడు. ఏ మందు తాళాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటుందో, వైద్యులు అంతకు ముందే అనుభవంతో తెలుసుకున్న మోతాదు అంత చిన్నదిగా ఉంది. 100 మిల్లీగ్రాముల క్లోర్‌ప్రోమజైన్ చేసే పనిని 2 మిల్లీగ్రాముల హాలోపెరిడాల్ చెయ్యటానికి కారణం అదే.

చిక్కంతా ఎక్కడున్నదంటే, డోపమిన్ మెదడులో ఒక్కచోట పారే నీరు కాదు. కాలువలు ప్రధానంగా నాలుగున్నాయి. ఒకటి, మన చుట్టూ ఉన్న వాటిలో ఏది ముఖ్యమో చెప్పే కాలువ. ఉన్మాదంలో ఇది వరదెత్తుతుందనీ, అందుకే రేడియోలో మాట, గోడ మీద నీడ, ప్రతిదీ నన్నే ఉద్దేశించి ఉన్నదనిపిస్తుందనీ ఇప్పటి శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. మందు ఆ వరదను తగ్గిస్తుంది. గొంతు పూర్తిగా పోకపోయినా పక్కింటివాళ్ళ మాట అవుతుంది. మా చిన్నాన్న నాయనమ్మకు చెప్పింది శాస్త్రానికి చాలా ఏళ్ళ ముందు చెప్పాడు. రెండోది మెదడు ముందుభాగానికి పోయే కాలువ. పూనుకోవటం, సంకల్పించటం దాని నీటి మీద పండే పంట. మూడోది కదలికలది. నాలుగోది చిన్న గ్రంథికి పోయేది. అది మూతపడితే ఆడవారికి నెలసరి ఆగిపోతుంది, బిడ్డ లేకుండానే పాలు వస్తాయి, మగవారికి కోరిక చస్తుంది. మింగిన మాత్ర నెత్తురుతో పాటు నాలుగు తూములకూ చేరుతుంది. వరద ఉన్న కాలువ ఏదో, ఎండిన కాలువ ఏదో దానికి తెలియదు. స్టాక్‌హోమ్‌లో లార్స్ ఫార్డే బృందం 1980ల నుంచీ బతికి ఉన్న మనుషుల మెదళ్ళనే చిత్రించి కొలిచింది. తాళాల్లో సుమారు 65 శాతం మూసుకుంటే జబ్బు మీద పని చేస్తుంది. 80 శాతం దాటితే వణుకూ బిగుసుకుపోవటమూ వస్తాయి. సందు ఇంత సన్నగా ఉన్నదన్నమాట! వణుకే మందుకు గుర్తు అన్నవారు పొలం తడవటానికి గట్టు తెగటమే గుర్తు అన్నట్టు మాట్లాడారు.

వణుకును కళ్ళతో చూడవచ్చు. కళ్ళకు సరిగా కనిపించని బాధ ఇంకొకటి ఉంది. దానికి అకథీసియా అని పేరు. గ్రీకు మాటకు అర్థం కూచోలేకపోవటం. కాళ్ళలో, ఒంటిలో, లోపలెక్కడో ఒక తహతహ పుట్టి మనిషిని నిలవనివ్వదు. మోతాదు తగ్గించటమో, మందు మార్చటమో దానికి ఉపాయం. మా చిన్నాన్న 1970లో రాత్రంతా వాకిట్లో తిరిగేవాడు. "ఒరే, పడుకోరా" అని నాయనమ్మ ఏడ్చేది. పిచ్చి తిరగబెట్టిందని మళ్ళీ ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. డాక్టరుగారు మా నాన్నను అడిగాడు: "రాత్రిళ్ళు గొడవ చేస్తున్నాడా?" "పడుకోవటం లేదండీ, తిరుగుతూనే ఉంటున్నాడు." అంతే, మోతాదు పెంచారు. తిరుగుడు ఎక్కువయింది. మరికొంచెం పెంచారు. మందు పెట్టే బాధకు మందే చికిత్స అయింది! చిన్నాన్న పక్కనే నిలబడి ఉన్నాడు, ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ. ఆయన్ను అడగలేదు. పిచ్చివాడి మాటకు విలువేమిటి? ఈ పొరపాటు వైద్య గ్రంథాలకు ఎక్కినంత ప్రసిద్ధమైనది. దాన్ని తప్పించటానికి రోగిని "ఎలా ఉంది?" అని అడగటం తప్ప ఏ యంత్రమూ అక్కర్లేదు.

ఏళ్ళ తరబడి వాడిన తర్వాత వచ్చేది మరొకటి: నాలుక, పెదవులు, దవడ వాటంతటవే నములుతున్నట్టు కదలటం. 1957లోనే జర్మనీ వైద్యుడు షోనెకర్ దీన్ని వర్ణించాడు. 1964లో టార్డివ్ డిస్కినీసియా అని పేరు పెట్టారు. ఆలస్యంగా వచ్చే వికృత చలనం అని అర్థం. ఏళ్ళ తరబడి మూసి ఉంచిన తాళాలు మరింత సున్నితం అవుతాయని దీనికి చెప్పే ఒక కారణం. పాత మందులు వాడేవారిలో ఏటా నూటికి సుమారు ఐదుగురికి కొత్తగా వస్తుందని తర్వాత తేలింది. మందు ఆపినా చాలామందిలో అది పోదు. ఇంత పెద్ద ఉపద్రవాన్ని అమెరికా వైద్యలోకం ఒప్పుకోవటానికి పదిహేనేళ్ళకు పైగా పట్టింది. పిచ్చివాళ్ళు అలాగే నములుతారు, జబ్బు లక్షణమే అన్నారు. మా వూళ్ళో పిల్లలు చిన్నాన్న వెనక నడుస్తూ నెమరు వేస్తున్నట్టు నటించేవారు. ఆయన చెప్పిన పాఠాలతోనే చదువు నేర్చినవాళ్ళ పిల్లలు. మా ఇంట్లో కూడా అది మందు వల్ల అని ఆయన పోయేదాకా ఎవరికీ తెలియదు. దీనికిప్పుడు మందులున్నాయి. 2017లో అమెరికాలో అనుమతి పొందిన వాల్బెనజీన్ వాటిలో ఒకటి. అది పనిచేసే చోటు సర్పగంధి వేరు నుంచి తీసిన రెసెర్పిన్ పనిచేసిన చోటే.

వణుకు లేనిదే మందు లేదన్న నమ్మకం వల్ల జరిగిన ఇంకో నష్టం ఉంది. క్లోజపిన్ అనే మందును స్విట్జర్లాండులో వాండర్ కంపెనీ 1950ల చివరనే తయారుచేసింది. అది రోగిని వణికించదు. వణికించటం లేదు గనక అసలు పనిచేస్తుందా అని పెద్దలు సందేహించారు. నెమ్మదిగా వాడకంలోకి వచ్చింది గాని, 1975లో ఫిన్లండులో దానివల్ల తెల్లరక్తకణాలు పడిపోయి 8 మంది చనిపోయారు. చాలా దేశాల్లో ఆపేశారు. 1988లో అమెరికాలో ఏ మందుకూ లొంగని 268 మంది మీద పరీక్షిస్తే, క్లోజపిన్ తీసుకున్నవారిలో నూటికి 30 మంది మెరుగుపడ్డారు, క్లోర్‌ప్రోమజైన్ తీసుకున్నవారిలో నూటికి 4గురు. అప్పుడు క్రమం తప్పని రక్తపరీక్షల షరతు మీద దాన్ని తిరిగి తెచ్చారు. ఇప్పటికీ మొండి జబ్బుకు దాన్ని మించింది లేదు.

1990ల్లో వచ్చిన కొత్త తరం మందుల గురించి ఎక్కువ చెప్పను. రిస్పెరిడోన్, ఓలాంజపిన్ వగైరాలు వణుకును తగ్గించాయి, కొన్ని ఒంటి బరువునూ నెత్తుటి చక్కెరనూ పెంచాయి. పాతవాటికన్నా ఎంతో మేలని ప్రచారం జరిగింది. 2005లో అమెరికా ప్రభుత్వమే డబ్బు పెట్టి దాదాపు 1,500 మంది మీద జరిపిన అధ్యయనంలో, 1950లనాటి పెర్ఫెనజీన్ చాలా కొత్త మందులతో సమానంగా నిలిచింది. పద్దెనిమిది నెలలు పూర్తికాకముందే నూటికి 74 మంది తమకిచ్చిన మందు మానేశారు. ఓలాంజపిన్‌ను అనుమతి లేని జబ్బులకు ప్రచారం చేసినందుకు ఎలై లిల్లీ కంపెనీ 2009లో 141 కోట్ల డాలర్లకు పైగా చెల్లించింది. మతిమరుపు వచ్చిన వృద్ధులకు ఈ జాతి మందులు ఇస్తే మరణాలు పెరుగుతున్నాయని ప్రభుత్వం 2005లోనే హెచ్చరించింది. మన ఎం. ఏ. విద్యార్థికి ఇక్కడ నేను పూర్తిగా మద్దతిస్తాను.

అయితే ఆయన వినటానికి ఇష్టపడని సంగతి కూడా చెప్పాలి. పెట్టుబడి లేనిచోట ఈ మందు పవిత్రంగా ఉన్నదా? ఉక్రెయిన్‌లో లియొనీద్ ప్ల్యూష్ అనే గణితశాస్త్రజ్ఞుడు ఉండేవాడు. మార్క్సిస్టునని చెప్పుకునేవాడు. సోవియట్ ప్రభుత్వాన్ని విమర్శించినందుకు నిద్రాణమైన స్కిజోఫ్రీనియా ఉన్నదని ముద్రవేసి 1973 నుంచి 1976 జనవరి దాకా ద్నిప్రోపెట్రోవ్‌స్క్ ప్రత్యేక మానసిక వైద్యశాలలో ఉంచారు. హాలోపెరిడాల్ ఇచ్చారు. మొదట రాజకీయాల మీద, తర్వాత శాస్త్రం మీద, చివరకు భార్యాబిడ్డల మీద కూడా తనకు ఆసక్తి చచ్చిపోయిందని బయటికి వచ్చాక ఆయన చెప్పాడు. జబ్బు లేని మనిషి కనుక ఆయన వాఙ్మూలానికి శాస్త్రరీత్యా కూడా విలువ ఉంది: వరద లేని కాలువ తూము మూస్తే ఏమవుతుందో అది చెబుతున్నది. 1975లో ఫ్రెంచి కమ్యూనిస్టు పార్టీ పత్రిక ఆయన విడుదలను కోరింది. మనలో ఎందరం అప్పుడు నోరు విప్పాం? 1983లో సోవియట్ మనోవైద్య సంఘం, బహిష్కరణ తప్పదని తెలిసి, ప్రపంచ సంస్థ నుంచి తానే తప్పుకుంది. ఇవి శత్రువుల కట్టుకథలని నా యౌవనంలో నేనూ అన్నాను. ఆ మాటకు నేను సిగ్గుపడుతున్నాను.

1968 మేలో పారిస్ విద్యార్థులు డెలే కార్యాలయంలో చొరబడి కాగితాలు చిందరవందర చేశారు. ఆయన కొద్దికాలానికే పదవి వదులుకున్నాడు. వారి కోపంలో సగం న్యాయం ఉంది. మనోవైద్యుడి అధికారాన్ని ప్రశ్నించటం న్యాయం. జబ్బే లేదనటం న్యాయం కాదు. గుంజకు కట్టి ఉన్న మనిషిని చూసినవాడు ఆ మాట అనలేడు. మందు కొనసాగించినవారిలో ఏడాది లోపల నూటికి 27 మందికి జబ్బు తిరగబెడితే, ఆపినవారిలో 64 మందికి తిరగబెట్టిందని 2012లో 65 పరీక్షలను కలిపి చూసిన లెక్క. ఒక్కసారిగా ఆపటం మరీ ప్రమాదం. ఈ వ్యాసం చదివి ఎవరైనా ఇంట్లో మాత్రలు అవతల పారేస్తే ఆ పాపం నాకు వద్దు. తగ్గించాలన్నా మార్చాలన్నా వైద్యుడితో కలిసి మెల్లగా చెయ్యవలసిన పని.

2024 సెప్టెంబరులో అమెరికాలో కొత్త మందొకటి అనుమతి పొందింది. స్కిజోఫ్రీనియాకు అనుమతి పొందినవాటిలో డోపమిన్ తాళాన్ని మూయకుండా వేరే తాళం ద్వారా పనిచేసే మొదటి మందు ఇది. వణుకు లేదు, వాంతులూ కడుపు బాధా ఉన్నాయి. (ఆ రెండో తాళాన్ని తాకే పదార్థం మన వక్కలో కూడా ఉంది. 1957లోనే దాన్ని రోగులకు ఇచ్చి కాసేపు స్పష్టత రావటం చూసినవారున్నారు. ఇది చదివి వక్క నమలమని కాదు.) అమెరికాలో దాని ధర నెలకు 1,850 డాలర్లని ప్రకటించారు. క్లోర్‌ప్రోమజైన్‌లాగే దీని దూరపు ఫలితాలు కూడా వాడినవారి ఒంట్లోనే తెలియవలసి ఉంది.

చిన్నాన్న 1999లో పోయాడు. పెట్టెలో పద్దుల పుస్తకం ఒకటి దొరికింది. ముందు పేజీల్లో పాల లెక్క, చాకలి లెక్క. వెనకవైపు నుంచి తిప్పితే 1969 మొదలు పందొమ్మిదేళ్ళ తేదీలు, పక్కన మాత్రల సంఖ్య, ఆ పక్కన ఒకటి రెండు మాటలు: కాళ్ళు నిలవటం లేదు. నోరెండిపోతున్నది. ఎండకు ఒళ్ళు మండింది. ఈ రోజు గొంతులు లేవు. ఒక మాత్ర తగ్గించాను, రాత్రి నిద్ర పట్టింది. అక్షరాలు చీమల్లా ఉన్నాయి. భూతద్దం పెట్టి చదవవలసి వచ్చింది. ఆసుపత్రికి వెళ్ళినప్పుడల్లా ఆ పుస్తకాన్ని ఆయన చంకలో పెట్టుకుని వెళ్ళటం నాకు గుర్తుంది. పాల లెక్కల పుస్తకం ఆసుపత్రికెందుకని మేము నవ్వేవాళ్ళం.